లాండ్రీకి పెద్ద వాషింగ్ మెషీన్ కొంటున్నారా? కరెంటు, నీళ్లు, మరమ్మతు లెక్క ముందే తేల్చుకోవడం ఎలా

ఇంటికి వాషింగ్ మెషీన్ కొందామని షాపుకి వెళ్తే దాని మీద స్టార్ల స్టిక్కర్ ఉంటుంది. ఎన్ని స్టార్లు ఉన్నాయో చూసి ఒక అంచనాకు వస్తాం. అదే హాస్టల్‌కో, లాడ్జికో, ఆసుపత్రికో పదిహేను కిలోలు, ముప్పై కిలోలు ఉతికే పెద్ద మెషీన్ కొనబోతే ఆ స్టిక్కర్ ఉండదు. డీలర్ చేతిలో ఒక రంగుల బ్రోచర్, కాసిన్ని నోటి మాటలు, కొటేషన్‌లో ఒక ధర, అంతే. ఇంట్లో మెషీన్ రోజుకు ఒకసారి తిరిగితే ఇది పది పన్నెండు సార్లు తిరుగుతుంది. ఎక్కువ కరెంటు, ఎక్కువ నీళ్లు తాగే మెషీన్‌కే లెక్క చెప్పేవాళ్లు లేరు.

నేను హనుమకొండలో చిన్న లాండ్రీ నడుపుతాను. హాస్టళ్ల దుప్పట్లు, లాడ్జిల తువ్వాళ్లు ఎక్కువగా వస్తాయి. మొదటి మెషీన్ ధర చూసి కొన్నాను. రెండోది లెక్క చూసి కొన్నాను. ఆ లెక్క నాకు దొరికింది యూరప్‌లో రాసుకున్న ఎకోడిజైన్ నిబంధనల్లో. ఆ నిబంధనలు మన దగ్గర చట్టం కాదు. కానీ అవి తయారీదారుని అడిగే ప్రశ్నలు మనం కూడా అడగొచ్చు. అడిగితే చాలావరకు జవాబు వస్తుంది. ఎలా అడగాలో, వచ్చిన జవాబుని ఎలా సరిచూసుకోవాలో వరసగా చెబుతాను.

ముందు, యూరప్ వాళ్లు ఏం అడుగుతున్నారో తెలుసుకోండి

మెషీన్ ఎంత కరెంటు తింటుంది, ఎంత నీరు తాగుతుంది, ఎన్నేళ్లు మన్నుతుంది, పాడైతే విప్పి బాగుచేయడం కుదురుతుందా, చివరికి ఏ ముక్కకు ఆ ముక్క విడదీయొచ్చా అనేవన్నీ దాన్ని కాగితం మీద గీసినప్పుడే తేలిపోతాయి. కొన్నాక మనం చేయగలిగింది తక్కువ. కాబట్టి షరతులు తయారుచేసేవాళ్లకే పెట్టాలన్నది ఎకోడిజైన్ వెనకున్న ఆలోచన.

ఇంటి వాషింగ్ మెషీన్లకు యూరోపియన్ యూనియన్‌లో 2019/2023 నంబరు నిబంధన 2021 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఇంటి డ్రైయర్లకు కొత్త నిబంధన 2025 జులై 1న అమల్లోకి వచ్చింది. దాని దెబ్బకు అక్కడి మార్కెట్లో కొత్తగా హీట్ పంప్ డ్రైయర్లే, అంటే బయటికి పోయే వేడిని మళ్లీ వాడుకునేవే మిగిలాయి. లాండ్రీల్లో వాడే పెద్ద మెషీన్ల మీద కూడా అధ్యయనం ఎప్పుడో జరిగింది. 2011లో ముగిసిన ఆ అధ్యయనాన్ని జర్మనీకి చెందిన ఓకో ఇన్‌స్టిట్యూట్, ఫ్రాన్స్‌కు చెందిన బయో ఇంటెలిజెన్స్ సర్వీస్ కలిసి చేశాయి. మెషీన్ తయారీలో అయ్యే నష్టం కన్నా దాన్ని నడిపే ఏళ్లలో అయ్యే కరెంటు, నీళ్ల ఖర్చే చాలా పెద్దదని అందులో తేలింది. రోజంతా మెషీన్ తిప్పేవాళ్లకు ఇది అనుభవంలో ఉన్న మాటే.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ముందడుగు పడలేదు. 2024 జులై 18న యూరప్‌లో కొత్త ఎకోడిజైన్ చట్టం అమల్లోకి వచ్చింది. కరెంటు ఒక్కటే కాకుండా మన్నిక, మరమ్మతు, రీసైక్లింగ్, వస్తువు వివరాలన్నీ ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకునే డిజిటల్ పాస్‌పోర్ట్ వరకు అది అడుగుతుంది. 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన ఐదేళ్ల పని ప్రణాళికలో ప్రొఫెషనల్ లాండ్రీ మెషీన్లను కూడా చేర్చారు. అమెరికాలో కాయిన్ లాండ్రీల్లో, అపార్ట్‌మెంట్లలో వాడే చిన్న కమర్షియల్ మెషీన్లకు కరెంటు, నీళ్ల పరిమితులు ముందు నుంచీ ఉన్నాయి. ఇప్పటి పరిమితులు 2018 జనవరి 1 నుంచి వర్తిస్తున్నాయి.

చరిత్ర ఇంత చాలు. ఇక పనిలోకి దిగుదాం.

ఒక వారం పాటు మీ పాత మెషీన్‌ని తూకం వేయండి

కొత్తది చూడ్డానికి వెళ్లే ముందు మీ దగ్గరున్నది ఎంత తింటోందో తెలియాలి. దీనికి మూడు వస్తువులు కావాలి. బట్టల మూటలు తూచే కాటా, మెషీన్‌కి వెళ్లే పైపు మీద ఒక నీటి మీటరు, మెషీన్‌కి విడిగా ఒక కరెంటు మీటరు. త్రీఫేజ్ మెషీన్ అయితే ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు మెషీన్ ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు.

ప్రతి లోడుకీ నాలుగు అంకెలు నోటు పుస్తకంలో రాయించండి. పొడి బట్టల బరువు, పిండి బయటికి తీశాక తడి బరువు, ఖర్చయిన నీళ్లు, ఖర్చయిన యూనిట్లు. డ్రైయర్ ఉంటే దాని యూనిట్లో, గ్యాసో వేరుగా రాయాలి. వారం తర్వాత అన్నీ కూడి, కిలో పొడి బట్టకు ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు అయ్యాయో తేల్చండి. ఇక మీదట ప్రతి మాటా ఈ కిలో లెక్కలోనే మాట్లాడాలి. డీలర్ 'లోడుకి ఇంత' అని చెబితే 'కిలోకి ఎంత?' అని తిప్పి అడగండి.

ఈ వారంలోనే మరో సంగతి బయటపడుతుంది. మా దగ్గర పదిహేను కిలోల మెషీన్‌లో సగటున తొమ్మిదిన్నర కిలోలే వేస్తున్నారని నాకు ఆ వారం దాకా తెలియదు. ఒక లాడ్జి బట్టలు ఇంకో లాడ్జి బట్టలతో కలవకూడదని కుర్రాళ్లు ఎవరివి వాళ్లకు విడిగా వేస్తున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, నేనే అలా చెప్పాను. సగం నిండిన డ్రమ్ము సగం నీళ్లతో సరిపెట్టుకోదు. మీ పరిస్థితీ ఇదే అయితే ఒక పెద్ద మెషీన్ బదులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోవడం మేలు. లేదంటే బరువు పసిగట్టి నీళ్లు తగ్గించుకునే మెషీన్ చూడండి. యూరప్‌లో ఇంటి మెషీన్‌ని నిండు లోడుతోనే కాక సగం లోడుతో, పావు లోడుతో కూడా పరీక్షిస్తారు. అదే ప్రశ్న మీరూ అడగాలి: 'సగం లోడు వేస్తే కిలోకి ఎన్ని లీటర్లు?'

కిలోలు కాదు, డ్రమ్ము లీటర్లు అడగండి

బ్రోచర్ మీద రాసిన కిలోలను అలాగే నమ్మకండి. డ్రమ్ము లోపలి పరిమాణాన్ని లీటర్లలో చెప్పమనండి. కిలో నూలు బట్టకు పది లీటర్ల చోటు అనేది వాడుకలో ఉన్న లెక్క. 150 లీటర్ల డ్రమ్ము ఉంటే అది 15 కిలోల మెషీన్. కొందరు కిలోకి తొమ్మిది లీటర్లే లెక్కగట్టి అదే డ్రమ్ముని 16 కిలోల పైచిలుకు అని రాస్తారు. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఈ తేడా పట్టుకోకపోతే మిగతా అంకెలన్నీ తప్పుతాయి.

పిండే శక్తి దగ్గరే అసలు ఆదా ఉంది

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. నేను మొదటి మెషీన్ కొన్నప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి కొన్నేళ్లు కరెంటు బిల్లు కట్టుకున్నాను.

బట్టలో మిగిలిన నీటిని రెండు రకాలుగా తీయొచ్చు. డ్రమ్ముని వేగంగా తిప్పి విసిరికొట్టొచ్చు, లేదా వేడి చేసి ఆవిరి చేయొచ్చు. మొదటి దారి చాలా చవక. రెండో దారిలో ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి కనీసం 0.65 నుంచి 0.7 యూనిట్ల వేడి కావాలి. ఇది ప్రకృతి నియమం, మామూలు హీటర్ డ్రైయర్ ఏదీ ఇంతకన్నా తక్కువలో చేయలేదు. పైగా వేడిగాలి బయటికి పోతుంది కాబట్టి లీటరుకి సుమారు ఒక యూనిట్ అవుతుందనుకుని లెక్క వేసుకోండి.

ఇప్పుడు 15 కిలోల లోడు తీసుకుందాం. పిండాక 24 కిలోలు తూగిందనుకోండి. తొమ్మిది లీటర్ల నీరు మిగిలింది, అంటే పొడి బరువులో 60 శాతం. ఈ శాతాన్నే మిగులు తేమ అంటారు. నెమ్మదిగా పిండే మెషీన్‌లో అది 80 శాతం ఉంటే 12 లీటర్లు మిగులుతాయి. గట్టిగా పిండే మెషీన్‌లో 50 శాతానికి వస్తే ఏడున్నర లీటర్లే. తేడా నాలుగున్నర లీటర్లు, అంటే లోడుకి సుమారు నాలుగున్నర యూనిట్లు. రోజుకు పది లోడ్లయితే 45 యూనిట్లు. ఏడాదిలో 300 రోజులు నడిపితే 13,500 యూనిట్లు. తెలంగాణలో రజకుల లాండ్రీలకు, దోబీఘాట్లకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇస్తున్నారు కదా. ఈ ఒక్క తేడాయే ఆ 250 యూనిట్లని ఆరు రోజులు నిండకముందే మింగేస్తుంది.

మరి గట్టిగా పిండడానికి కరెంటు ఖర్చు కాదా అంటే, అవుతుంది. మోటారు రెండు కిలోవాట్లు లాగినా ఇంకో ఐదు నిమిషాలు తిరిగినందుకు అయ్యేది యూనిట్‌లో ఆరో వంతు. నాలుగున్నర యూనిట్ల ముందు అదెంత?

పిండే శక్తిని 'జీ' అనే లెక్కలో చెబుతారు. భూమి ఆకర్షణకు అది ఎన్ని రెట్లో అన్నమాట. డీలర్ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో మాత్రమే చెబితే సరిపోదు. చిన్న డ్రమ్ము వెయ్యి చుట్లు తిరిగినా పెద్ద డ్రమ్ము 800 చుట్లతో అంతే బలంగా పిండొచ్చు. లెక్క మీరే వేసుకోవచ్చు. ఆర్‌పీఎంని ఆర్‌పీఎంతో గుణించండి, వచ్చినదాన్ని డ్రమ్ము వ్యాసం మీటర్లలో ఎంతో దానితో గుణించండి, చివరికి 1790తో భాగించండి. 75 సెంటీమీటర్ల డ్రమ్ము 900 చుట్లు తిరిగితే సుమారు 340 జీ. అదే డ్రమ్ము 600 చుట్లే తిరిగితే 150 జీ. చుట్లు మూడో వంతు తగ్గితే బలం సగానికన్నా తక్కువకు పడిపోయింది చూడండి. డ్రైయర్ వాడేవాళ్లు 300 జీకి తక్కువ మెషీన్ తీసుకోవద్దని నా మాట.

దీనికి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. గట్టిగా పిండే మెషీన్లు ఎక్కువగా స్ప్రింగుల మీద ఊగే రకం, వాటినే సాఫ్ట్ మౌంట్ అంటారు. నేలకు బోల్టులతో బిగించే హార్డ్ మౌంట్ చవగ్గా వస్తుంది కానీ దానికి మందపాటి కాంక్రీటు దిమ్మ కావాలి, మేడ మీద పెట్టడానికి పనికిరాదు. రెండోది, పాలిస్టర్ కలిసిన దుప్పట్లని మరీ గట్టిగా పిండితే ముడతలు పడి ఇస్త్రీకి శ్రమ పెరుగుతుంది. తువ్వాళ్లకు ఒక వేగం, దుప్పట్లకు ఒక వేగం పెట్టుకునే వీలుండాలి.

డ్రైయర్ లేదు, దండెం మీద ఆరేస్తామంటారా? మన ఎండని మించిన డ్రైయర్ ఇంకోటి లేదు, సంతోషంగా ఆరేయండి. అయినా గట్టిగా పిండిన బట్ట దండెం మీద త్వరగా ఆరుతుంది. అదే తాడు మీద రోజుకు ఇంకో విడత పడుతుంది. వానాకాలంలో దీని విలువ బాగా తెలుస్తుంది.

నీళ్లు, వేడి

మామూలు పెద్ద మెషీన్లు కిలో బట్టకు పన్నెండు నుంచి ఇరవై లీటర్లు వాడటం సాధారణం. పెద్ద ఆసుపత్రులకు, రైల్వేలకు ఉతికే టన్నెల్ వాషర్లలో బట్ట ఒక వైపు నుంచి మరో వైపుకు గదులు దాటుకుంటూ వెళ్తుంది, నీరు ఎదురు దిశలో వస్తుంది. అందుకే అవి అందులో సగంతోనో, ఇంకా తక్కువతోనో సరిపెట్టగలవు. చిన్న లాండ్రీలో ఆ యంత్రం పట్టదు కానీ అందులోని కిటుకు పడుతుంది. చివరిసారి జాడించిన నీరు దాదాపు శుభ్రంగానే ఉంటుంది. దాన్ని ఒక ట్యాంకులోకి మళ్లించి తర్వాతి లోడు మొదటి తడుపుకి వాడొచ్చు. ఇందుకు మెషీన్‌కి రెండో డ్రెయిన్ వాల్వు, అదనంగా ఒక నీటి దారి ఉండాలి. కొనేటప్పుడే అడగండి, తర్వాత పెట్టించాలంటే చాలా ఇబ్బంది.

వేడి లెక్క సులువు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.16 వాట్ అవర్ పడుతుంది, వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్. 75 లీటర్ల ఉతుకు నీటిని 28 డిగ్రీల నుంచి 60కి తీసుకెళ్లాలంటే సుమారు 2.8 యూనిట్లు. 40 దగ్గరే ఆపితే ఒక యూనిట్. హాస్టల్ బట్టలకు 40 చాలు, సబ్బు మంచిదైతే.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్బర్ట్ సిన్నర్ 1959లో ఉతుకుకి నాలుగు దినుసులు ఉన్నాయని చెప్పాడు: సబ్బు, వేడి, రాపిడి, సమయం. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెంచాలి. మన చాకిరేవు దగ్గర ఉడకబెట్టడం, సవుడు పట్టించడం, బండకేసి బాదడం, నానబెట్టడం ఈ నాలుగే కదా. ఎకో ప్రోగ్రాం ఎక్కువసేపు నడిచేది అందుకే, వేడి తగ్గించి సమయం పెంచుతుంది. యూరప్ ఇంటి మెషీన్లలో 'ఎకో 40-60' అనే ప్రోగ్రాం, 20 డిగ్రీల ప్రోగ్రాం తప్పనిసరి. మీ మెషీన్‌లో ప్రోగ్రాం సమయం, వేడి, నీటి మట్టం మీరే మార్చుకునే వీలుందా లేదా అని చూడండి. కొన్నిటికి పాస్‌వర్డ్ పెట్టి సర్వీసు మనిషి వస్తే తప్ప తెరవనివ్వరు. పాస్‌వర్డ్ మీకు ఇస్తేనే కొనండి.

ఆసుపత్రి బట్టలకు మాత్రం కరెంటు ఆదా కోసం వేడి తగ్గించవద్దు. బ్రిటన్ ఆరోగ్య శాఖ మార్గదర్శకంలో నీరు 65 డిగ్రీల వద్ద పది నిమిషాలు, లేదా 71 డిగ్రీల వద్ద మూడు నిమిషాలు నిలవాలని ఉంది, వేడి డ్రమ్మంతా సమంగా అందడానికి పట్టే సమయం దీనికి అదనం. రోగుల బట్టలు ఉతికేవాళ్లు ఆ ఆసుపత్రి ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు రాసిచ్చిన పద్ధతినే పాటించాలి. ఆదాని పిండటంలో, ఆరబెట్టడంలో వెతుక్కోండి.

సోలార్ హీటరు పెట్టుకునే వీలుంటే చన్నీళ్లకూ వేడినీళ్లకూ విడివిడి దారులున్న మెషీన్ తీసుకోండి. మొదటి తడుపు మాత్రం చన్నీళ్లతోనే జరిగేలా ప్రోగ్రాం పెట్టాలి. ముందే వేడినీళ్లు పోస్తే నెత్తురు, గుడ్డు లాంటి మరకలు బట్టకు పట్టేసి ఇక వదలవు.

బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలా? మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు గట్టివి. హీటరు మీద తెల్లగా గార కట్టి, అదే వేడికి ఎక్కువ సమయం పట్టి, చివరికి హీటరు కాలిపోతుంది. సబ్బు కూడా ఎక్కువ పడుతుంది. నీళ్లు పరీక్ష చేయించి, అవసరమైతే నీటి గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్ ఖర్చుని కూడా మెషీన్ ఖర్చులోనే కలిపి చూసుకోండి.

సింథటిక్ బట్టల నుంచి రాలే ప్లాస్టిక్ పోగుల మీద ఫ్రాన్స్ 2020లో చేసిన చట్టంలో, 2025 జనవరి 1 నుంచి కొత్త వాషింగ్ మెషీన్లకు పోగుల్ని పట్టే ఫిల్టరు లేదా అలాంటి ఏర్పాటు ఉండాలని రాశారు. అందులో లాండ్రీ మెషీన్లనూ కలిపారు. మన మురుగు నేరుగా చెరువుకో వాగుకో చేరే చోట్ల డ్రెయిన్ దగ్గర కనీసం సన్నని స్టీలు జల్లెడ బుట్ట పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్ పోగులన్నీ అందులో ఆగవు, కానీ నలక, గుండీలు, దారాలు ఆగుతాయి. వాటిని రోజూ తీసి చెత్తలో వేయాలి, మళ్లీ కాలువలో కడగకూడదు.

డ్రైయర్ విషయంలో

హీట్ పంప్ డ్రైయర్ బయటికి పోయే వేడిని మళ్లీ వాడుకుంటుంది. హీటరు డ్రైయర్‌తో పోలిస్తే దాదాపు సగం కరెంటుతో పని అవుతుంది. ధర ఎక్కువ, ఆరడానికి పట్టే సమయమూ ఎక్కువ. కొనే ముందు గదిలో ఎంత వేడి వరకు పనిచేస్తుందో రాసిమ్మనండి. యూరప్ గది వేడికి తయారైనది మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల షెడ్డు కింద ఎలా నడుస్తుందన్నది తేల్చుకోవాల్సిన విషయం. లోపల ఏ గ్యాస్ ఉందో కూడా అడగండి. ఆర్ 134ఏ అనే గ్యాస్ బయటికి లీకైతే అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 1430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఆర్ 290 అంటే ప్రొపేన్, దాని వల్ల ఆ నష్టం చాలా తక్కువ. కానీ మండే గ్యాస్ కాబట్టి గదికి గాలి బాగా ఆడాలి.

ఏ రకం డ్రైయర్ అయినా తేమ పసిగట్టి తానే ఆగేది కావాలి. నిమిషాలు పెట్టి వదిలేసే డ్రైయర్‌లో బట్ట ఆరిన తర్వాత కూడా వేడి పోతూనే ఉంటుంది, తువ్వాళ్ల నూలు పెళుసెక్కి త్వరగా చిరుగుతుంది.

మరమ్మతు షరతులు, కొనక ముందే

నా మొదటి మెషీన్ మూడో ఏట డ్రమ్ము వెనక నుంచి నీరు కారడం మొదలుపెట్టింది. సీలు పోయింది. సీలు దాటిన నీరు బేరింగులోకి వెళ్లి కొన్ని వారాల్లో గరగరమనే చప్పుడు మొదలైంది. బేరింగు మార్చమంటే, బేరింగు గూడు బయటి టబ్బుతో కలిపి వెల్డింగ్ అయి ఉందని, మొత్తం సెట్టు మార్చాలని అమ్మినవాళ్లు చెప్పారు. మెషీన్ ధరలో సగం అడిగారు. అదీ రావడానికి రెండు నెలలు పైనే పట్టింది. ఆ రెండు నెలలు హాస్టల్ పిల్లల బట్టలు మా ఇంట్లో ఆడవాళ్లు, ఇద్దరు కూలీలు చేత్తో ఉతికారు. నా భార్య చేతులు సబ్బుకి పగిలిపోయాయి. ఆ రోజులు నేను మర్చిపోలేను. ఒక గుండ్రని రబ్బరు ముక్క దగ్గర మొదలైన కష్టం అది.

అందుకే ఈ భాగం మీద రాజీ పడొద్దని అంటున్నాను. ఇంటి మెషీన్లకు యూరప్ పెట్టిన షరతులు చూడండి. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా పదేళ్లపాటు విడిభాగాలు దొరకాలి. ఆర్డరిచ్చిన 15 పనిదినాల్లో చేరాలి. మామూలు పనిముట్లతో విప్పి, మెషీన్ పాడవకుండా మార్చేలా ఉండాలి. మోటారు, పంపులు, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు, డ్రమ్ము, దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే స్పైడరు అనే చట్రం, బేరింగులు, హీటరు, సెన్సర్లు, సర్క్యూట్ బోర్డు, సాఫ్ట్‌వేర్ మరమ్మతు చేసేవాళ్లకు అందాలి. తలుపు, దాని కీళ్లు, సీళ్లు, తలుపు లాక్, సబ్బు పెట్టె వాడేవాళ్లకు కూడా అమ్మాలి. ఇంటి మెషీన్‌కే ఇన్ని షరతులుంటే, పది కుటుంబాలు ఆధారపడే మెషీన్‌కి మనం అడగడంలో తప్పేముంది?

షోరూంలో మెషీన్ వెనక రేకు విప్పి చూపించమనండి. మీతో మీ మెకానిక్‌ని తీసుకెళ్లండి. బేరింగు గూడు బోల్టులతో బిగించి ఉందా, వెల్డింగా? బేరింగు మీద నంబరు మామూలు మార్కెట్లో దొరికేదేనా? సీలుకీ బేరింగుకీ మధ్య నీరు బయటికి కారే చిన్న రంధ్రం ఉందా? ఆ రంధ్రం చాలా మేలు చేస్తుంది. సీలు పోగానే అక్కడ చుక్కలు కనిపిస్తాయి, బేరింగు చెడకముందే చిన్న ఖర్చుతో బయటపడొచ్చు. ప్రతి సోమవారం టార్చి వేసి అక్కడ చూడటం మా దగ్గర ఇప్పుడు అలవాటైంది.

సర్క్యూట్ బోర్డు ధర, బేరింగు సెట్టు ధర, తలుపు రబ్బరు ధర, పంపు ధర కొటేషన్‌లోనే రాయించుకోండి. కొనకముందు చెప్పే ధరకీ, మెషీన్ ఆగిపోయి మీరు టెన్షన్‌లో ఉన్నప్పుడు చెప్పే ధరకీ పొంతన ఉండదు.

ఆర్డరు కాగితంలో ఇలా రాయండి

మాటలన్నీ కాగితం మీదకి రావాలి. మీ అంకెలు పెట్టుకుని ఈ మాదిరిగా రాస్తే సరిపోతుంది:

'నూలు తువ్వాళ్ల నిండు లోడుతో, 40 డిగ్రీల ప్రోగ్రాంలో, కిలో పొడి బట్టకు ఇన్ని లీటర్ల నీటికి, ఇన్ని యూనిట్లకు మించకూడదు. పిండాక మిగులు తేమ 55 శాతం దాటకూడదు. సగం లోడుతో ఈ అంకెలు ఎంతో వేరుగా తెలపాలి. మెషీన్ ఇచ్చిన తేదీ నుంచి పదేళ్లు విడిభాగాలు అందించాలి, 15 పనిదినాల్లో చేర్చాలి. సర్వీస్ మాన్యువల్, వైరింగ్ చిత్రం, ప్రోగ్రాం పాస్‌వర్డ్ మెషీన్‌తో పాటే ఇవ్వాలి. పై అంకెలు మా దగ్గర పరీక్షలో తేలాకే ధరలో చివరి పది శాతం చెల్లిస్తాం.'

కమర్షియల్ మెషీన్లను పరీక్షించడానికి యూరప్‌లో ప్రత్యేక ప్రమాణాలు ఉన్నాయి, వాషింగ్ మెషీన్లకు ఈఎన్ 50640, డ్రైయర్లకు ఈఎన్ 50594. వాటి ప్రకారం చేసిన రిపోర్టు ఉంటే ఇవ్వమనండి. ఉన్నవాళ్లు వెంటనే పంపుతారు. లేనివాళ్లు 'మా మెషీన్ గురించి ఊరంతా తెలుసు' అంటారు. అలాంటప్పుడు ఆ చివరి పది శాతం షరతు మీద గట్టిగా నిలబడండి.

మెషీన్ వచ్చాక

పాత మెషీన్‌కి చేసిన తూకమే దీనికీ చేయండి. మొదటి రెండు రోజుల లోడ్లు వదిలేసి ఆ తర్వాత వారం లెక్క రాయండి. ల్యాబ్‌లో వచ్చిన అంకె మీ దగ్గర అచ్చంగా రాదు. నీళ్ల వేడి, గట్టిదనం, బట్ట రకం వేరు కాబట్టి కొంచెం తేడా సహజం. తేమ శాతం పది పాయింట్లు ఎక్కువొస్తే మాత్రం సర్వీసు వాళ్లని పిలవండి. చాలాసార్లు లోడు ఒక పక్కకు చేరి, మెషీన్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఒకే పెద్ద రగ్గు వేయకుండా చిన్నా పెద్దా కలిపి వేస్తే అది సర్దుకుంటుంది.

పనిచేసే కుర్రాళ్లకి ఈ అంకెల అర్థం చెప్పండి. మా దగ్గర లోడు తూచి వేయడం మొదలయ్యాక రోజుకు రెండు లోడ్లు తగ్గాయి. వాళ్లు సాయంత్రం ముందుగా ఇంటికి వెళ్తున్నారు కాబట్టి కాటా దగ్గరికి వాళ్లే వెళ్తున్నారు.

పాతదాన్ని ఏం చేయాలి

అదే కంపెనీ మెషీన్ ఇంకోటి మీ దగ్గర నడుస్తుంటే పాతదాంట్లో బాగున్న పంపు, వాల్వులు, తలుపు లాక్ విప్పి దాచుకోండి. మిగిలినదాన్ని రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కి ఇవ్వండి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల జాబితాలో వాషింగ్ మెషీన్లు ఉన్నాయి, కొత్తది అమ్మేవాళ్లని అడిగితే దారి చెబుతారు. స్టీలు డ్రమ్ముకి మంచి ధర వస్తుంది కాబట్టి తుక్కు కొనేవాళ్లు ముందుగా దాని కోసమే వస్తారు. సర్క్యూట్ బోర్డుని మంటలో వేయనివ్వకండి. పాత హీట్ పంప్ డ్రైయర్ ఉంటే ముందు ఏసీ మెకానిక్‌ని పిలిచి లోపలి గ్యాస్‌ని సిలిండర్‌లోకి తీయించండి. ఆ పని అయ్యాకే ఎవరినైనా కట్టర్ పెట్టనివ్వండి.